సౌరఘటములు - శాస్త్రపత్రికలు - మన పిల్లల చదువు
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ సభలో ఉత్తీర్ణుల సంఖ్య, హాజరు, రుసుములు మొదలగువానిని గూర్చి మాటలాడుట మాకు అలవాటు. ఈసారి వానిని కార్యదర్శిగారి నివేదికకు వదలి, వేరొక విషయమెత్తుకొనుచున్నాము. ప్రవేశముల దినములలో మీలో పలువురు మమ్మొక ప్రశ్న అడుగుచుందురు. "సార్, సైన్సంతా ఇంగ్లీషులోనే ఉంది గదా, మా వాడు తెలుగులో చదివి ఏం చేస్తాడు?" అని. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి జవాబు దొరకకయే ఐదవ తరగతి కాగానే పిల్లలను వేరు బడులలో చేర్పించినవారున్నారు. ఉత్త భాషాభిమానముతో దీనికి సమాధానము చెప్పుట మాకిష్టము లేదు. ఒక్క శాస్త్రమును తీసికొని, అందలి క్రొత్త సంగతులు ఏ భాషలో, ఏ పత్రికలలో, ఎవరిచేత ప్రకటింపబడినవో చూతము. మన షోలాపురములో మగ్గముల షెడ్లమీదను, డాబాలమీదను మీరు చూచుచున్న సౌరపలకల శాస్త్రమే అది. మేము శాస్త్రజ్ఞులము కాము, బడిపంతులము. చదివి తెలిసికొన్నంత మేరకు చెప్పెదము.

వెలుతురు పడినచో విద్యుత్తు పుట్టునను సంగతిని మొదట గమనించినవాడు ఎడ్మండ్ బెకెరెల్ అను ఫ్రెంచి యువకుడు. అప్పటికాతని వయస్సు 19 సంవత్సరములు. ఆ సంగతి 1839 లో పారిస్ విజ్ఞాన పరిషత్తు పత్రికయందు ఫ్రెంచి భాషలో అచ్చయినది. 1876 లో లండనులో ఆడమ్స్, డే అను నిరువురు సెలీనియమను ఘనపదార్థమునందు అదే గుణమును కనుగొని ఇంగ్లీషులో ప్రకటించిరి. వెలుతురు ఎలక్ట్రాన్లను ఎట్లు వెడలగొట్టునో వివరించిన ఐన్‌స్టైన్ వ్యాసము 1905 లో జర్మన్ భాషలో వెలువడినది. 1921 సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు ముఖ్యముగా దానికొరకే ఇయ్యబడినది. ఆ కాలమున భౌతికశాస్త్రమును లోతుగా చదువగోరిన ఇంగ్లీషువారు సైతము జర్మన్ నేర్చుకొనుచుండిరి. ఇంగ్లీషే శాస్త్రభాష యనుట అనాదిగా వచ్చిన మాట కాదు.

నేటి సిలికాన్ పలకలకు మూలమైన ఘటమును అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు చేసిరి. 1954 లో 'జర్నల్ ఆఫ్ అప్లయిడ్ ఫిజిక్స్' అను పత్రికలో వారి వ్యాసము వచ్చినది. అది రెండే పుటలు. నూరుపాళ్ల సూర్యశక్తి పడగా ఆరుపాళ్లు విద్యుత్తుగా మారినదని అందలి సారము. నాలుగేండ్లు తిరుగకముందే, 1958 లో, సౌరఘటములు వాన్‌గార్డ్ ఉపగ్రహముతో ఆకాశమెక్కినవి.

అదే పత్రికలో 1961 లో షాక్లీ, క్వైసర్ అనువారు మరియొక వ్యాసము వ్రాసిరి. ఒకే సంధి గల ఘటము, ఎంత నేర్పుగా చేసినను, సూర్యశక్తిలో సుమారు 30 పాళ్లకు మించి విద్యుత్తుగా మార్చజాలదని వారు లెక్కకట్టి చూపిరి. చాలకాలము దానిని పట్టించుకొన్నవారు తక్కువ. నేడు ఈ శాస్త్రమున ఇతరులు తమ వ్యాసములలో మిక్కిలిగా పేర్కొనువానిలో అది ఒకటి. ప్రయోగశాలలలోని సిలికాన్ ఘటములు 27 శాతము దాటినవి గాని, తరువాతివారు సవరించిన లెక్క ప్రకారము 33 శాతమునకు చేరువనున్న ఆ హద్దును మాత్రము దాటలేదు. రెండు వేరు పదార్థములను ఒకదానిపై నొకటి పేర్చిన ఘటములే 34 శాతమును మించినవి. ఆ క్వైసర్ బెర్లిను నగరమున పుట్టి, జర్మనీలో చదివి, ఆ పిమ్మట అమెరికాకు పోయి ఇంగ్లీషులో వ్రాసినవాడు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు.

1973 లో నూనె ధరలు మండిపోగా ప్రభుత్వములు సూర్యునివైపు చూచినవి. పరిశోధనలకు డబ్బు వచ్చినది, వ్యాసములు పెరిగినవి, సౌరఘటములకే ప్రత్యేకించిన పత్రికలు పుట్టినవి. వానిలో 1993 లో వెలువడసాగిన 'ప్రోగ్రెస్ ఇన్ ఫోటోవోల్టాయిక్స్' అను పత్రిక చేసిన ఒక మేలును చెప్పక తప్పదు. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ గ్రీన్ మరికొందరితో కలిసి ఏటికి రెండుమారులు అందులో ఒక పట్టికను ప్రకటించుచున్నారు. ఏ ఘటము ఎంత శాతము చూపినదో ఆ పట్టికలో నుండును. పరిశోధకుడు తన ఘటమును తానే కొలుచుకొన్న అంకెకు అందు చోటు లేదు. గుర్తింపు పొందిన వేరొక కేంద్రమువారు కొలిచియుండవలెను. విద్యార్థి తన జవాబుపత్రమును తానే దిద్దుకొనుట ఏ బడిలోనైనను ఒప్పుకొందుమా?

ఇంతటి కట్టుబాటు అవసరమని 2009 తరువాత బాగుగా తెలిసివచ్చినది. ఆ సంవత్సరము జపానులోని యొకొహామాలో ఆచార్య మియసాకయు, ఆయనవద్ద పరిశోధన చేయుచుండిన కొజిమయు, తోడివారును పెరోవ్‌స్కైట్ అను స్ఫటికనిర్మాణము గల పదార్థముతో ఘటము చేసి, అమెరికా రసాయన సంఘపు పత్రికలో ప్రకటించిరి. (ఆ పేరుగల ఖనిజము యూరల్ పర్వతములలో దొరకినది గూడ 1839 లోనే, బెకెరెల్ ఏడును అదే. వింత యనిపించును గాని, ఈ రెంటికి సంబంధము లేదు.) ఆ ఘటము చూపినది 3.8 శాతమే, నిలిచినది కొద్దిసేపే. మూడేండ్లలో ఇతరులు దానిని పదిశాతము దరికి తెచ్చిరి. నేడది 26 శాతము దాటినది. ఇక వ్యాసములు వెల్లువయైనవి. 42,400 కు పైబడిన ఘటముల వివరములను అచ్చయిన వ్యాసములనుండి ఏరి ఒకచోట చేర్చిన సంగతి 'నేచర్ ఎనర్జీ' పత్రికలో ప్రకటింపబడినది.

వెల్లువతో చెత్తయు కొట్టుకొనివచ్చును. ఒకే ఘటమును వోల్టేజి పెంచుచు కొలిచిన ఒక అంకె, తగ్గించుచు కొలిచిన మరియొక అంకె వచ్చుచుండెను. పెద్ద అంకెనే ప్రకటించుటకు కొందరు వెనుదీయలేదు. కావుననే 2015 లో నేచర్ వర్గపు పత్రికలు, ఘటమునెట్లు కొలిచితిరి, ఎన్ని ఘటములను కొలిచితిరి అని అడుగు ప్రశ్నపత్రమొకటి పెట్టినవి. ఎన్ని గజములు నేసితిమనుట వేరు, ఉతికిన పిమ్మట రంగు నిలిచినదా యనుట వేరు. చద్దర్లు నేయువారికి ఈ భేదము మేము చెప్పనక్కరలేదు. ఇంటిపై నమర్చు సిలికాన్ పలకకు 25 ఏండ్ల హామీ ఇచ్చుచున్నారు. పెరోవ్‌స్కైట్ ఇంకను ఆ పరీక్షకు నిలువవలసియున్నది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వత్తము. ఈ శాస్త్రమున నేడు అన్ని దేశములకంటె ఎక్కువ వ్యాసములు చైనానుండి వచ్చుచున్నవి. అవి అచ్చగుచున్నది చాలవరకు ఇంగ్లీషులోనే. కాని చైనాలోను, జపానులోను, జర్మనీలోను పిల్లలు బడిలో వెలుతురు, విద్యుత్తు అనగా నేమో సాధారణముగా ఇంటిభాషలోనే నేర్చుకొనుచున్నారు. విషయము తమ భాషలో పట్టుబడిన పిమ్మట, ప్రకటించుటకు ఇంగ్లీషును పట్టుదలతో అభ్యసించుచున్నారు.

ఇచ్చట ఒక మాట దాచరాదు. ఆ పిల్లలకు విశ్వవిద్యాలయము వరకు వారి భాషలో పుస్తకములున్నవి. తెలుగులో 1906 నాటి విజ్ఞానచంద్రికా గ్రంథమండలి మొదలు 1968 లో ఏర్పడిన తెలుగు అకాడమీ వరకు కృషి జరిగినమాట నిజమే. కాని ఈ రాష్ట్రమున పదవ తరగతి దాటిన మన పిల్లవానికి తెలుగు తరగతి దొరకదు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కళాశాలలో ఇంగ్లీషు. కావున ఇంగ్లీషును భాషగా గట్టిగా నేర్పుట మా బాధ్యత. అది చాలినంతగా జరుగుటలేదని మీరనినచో మేము వాదింపము. అంతమాత్రమున శాస్త్రమునుగూడ అర్థముకాని భాషలో వల్లెవేయించుట ఆ లోటుకు మందు కాదు.

పెద్దపిల్లలు కళాశాలలలో నున్నవారికి మరియొక హెచ్చరిక. మన పూర్వవిద్యార్థి యొకడు, నాలుగు దినములలో వ్యాసమచ్చువేసెదమని ఒక పత్రికవారు ధనమడిగిరని మాతో చెప్పెను. మంచి పత్రికలలోను రచయితవద్ద రుసుము తీసికొను పద్ధతి యున్నది. కాని వారు తెలిసిన పండితులచేత పరీక్షింపజేసి, తప్పులున్న త్రిప్పిపంపుదురు. పరీక్షింపకయే పరీక్షించితిమని చెప్పి పరిశోధకులను మోసగించెనను అభియోగముపై 2019 లో అమెరికా న్యాయస్థానము హైదరాబాదు కేంద్రముగా గల ఒక ప్రచురణ సంస్థకు 5 కోట్ల డాలర్లకు మించిన చెల్లింపు విధించినది. చదువుటకు మాత్రము ఇప్పుడు సౌకర్యము హెచ్చినది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పథకమువలన, 2025 జనవరినుండి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు సుమారు 13,000 పత్రికలు లభించునట్లు ఏర్పాటైనది. మీ పిల్లలను అడుగుడు, తమ గ్రంథాలయములో అవి చూచిరా యని.

ఈ ఏడు ఎనిమిది, తొమ్మిది తరగతులవారికి చిన్న సౌరపలకలు రెండు, వోల్టుమీటరొకటి ఇచ్చుచున్నాము. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము కొలిచి, పలక వంపు మార్చి మరల కొలిచి, మొదట తెలుగులోను పిదప ఇంగ్లీషులోను వ్రాయవలెను. వేరొక జట్టు కొలిచి సరియనినగాని ఆ కాగితము గోడపత్రికకెక్కదు. మొదటి కొలత వచ్చు శనివారము పండ్రెండు గంటలకు బడి డాబామీద. మగ్గము ఆపి రాగలవారు వచ్చి చూడగోరుచున్నాము.