నావను వీడని నాయకుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గెలిచివచ్చిన వీరులను గూర్చి అందఱును చెప్పుదురు. నేడు నేను తన నౌకతోపాటు మునిగిపోయిన ఒక నాయకుని గూర్చి చెప్పదలచితిని.

విశాఖపట్టణము పోయినవారు సముద్రతీరమున 1971 యుద్ధవిజయ స్మారకమును చూచియుందురు. ఆ యేడు డిసెంబరు 3-4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ రేవు చెంత మునిగిపోయెను. ఆ సంతోషము చల్లారకముందే పడమటి సముద్రమున మనకు గొప్ప నష్టము కలిగెను. గూర్ఖాల కత్తి పేరు గల 'ఖుక్రీ' యను మన యుద్ధనౌక మునిగినది. దాని కెప్టెను మహేంద్రనాథ ముల్లా.

ఆయన 1926 మే 15వ తేదీన గోరఖ్‌పూరులో జన్మించెను. 1948లో నౌకాదళమున అధికారి యయ్యెను. 'రాణా' యను నౌకకు అధిపతిగా నుండెను. లండనులోని మన హైకమిషను కార్యాలయమునను పనిచేసెను. 1971లో జలాంతర్గాములను వేటాడు పని ఆయనపై బడినది.

జలాంతర్గామి కంటికి కానరాదు. నీటిలోనికి ధ్వనిని పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి దాని జాడ తెలిసికొనవలెను. కాని పులిని వెదకబోయినవానికై పులియే పొంచియుండవచ్చును గదా! డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరమునకు దూరముగా 'హంగోర్' అను జలాంతర్గామి అట్లే పొంచియుండి, టార్పెడోతో ఖుక్రీని కొట్టెను. కొద్ది నిమిషములలోనే నౌక మునిగెను. 18 మంది అధికారులును, 176 మంది నావికులును మరణించిరి. 67 మంది బ్రదికిరి.

ఆ కొద్ది నిమిషములలో ముల్లా ఏమి చేసెను? నౌకను విడిచిపొండని ఆజ్ఞాపించెను. నీట తేల్చు తన రక్షణకవచమును ఒక నావికున కిచ్చెను. వీలయినంతమందిని దింపించి, మిగిలినవారిని కాపాడుటకు ఇంకను ఏమి చేయవచ్చునో చూచుటకై నౌకను నడపు పై యంతస్తునకు మరలిపోయెను. పిమ్మట నౌకతోపాటు మునిగిపోవుచుండగా కడసారి కనబడెను. ప్రభుత్వము ఆయనకు మరణానంతరము మహావీరచక్ర నిచ్చి గౌరవించినది.

అంతటి అనుభవశాలి బ్రదికియుండిన దేశమునకు మేలుగదా యని కొందఱు అడుగుదురు. ఆ ప్రశ్న తప్పు కాదు. కాని ఒక్క మాటపై నౌక అడుగున యంత్రములకడ నిలిచిన నావికుడు తన నాయకుడు ముందుగా దిగిపోడని నమ్మియే అచట నిలుచును. ఆ నమ్మకమును ముల్లా నిలిపెను.

మన యిండ్లలో పెండ్లినాడు యజమాని బంధువులందఱును భుజించిన పిదపనే విస్తరి ముందు కూర్చుండును. పెద్దఱిక మనగా అదియే. సుఖమునకు కడపటివాడు, కష్టమునకు మొదటివాడు. ఊరికైనను, గ్రంథాలయమునకైనను, పెద్దలుగా నుండువారు ఈ మాట మఱవకుందురుగాక!