సంకల్పము – సాధన



సంకల్పించుట సులభము, నిలుపుకొనుట దుష్కరము. ఉగాదినాడు చేసిన సంకల్పమును శ్రీరామనవమి నాటికే మరచుట లోకసామాన్యము. ‘ఉద్యోగభారము తగ్గిన పిమ్మట చూతము’ అనునది ఉద్యోగులకు అలవాటైన మాట. ఆ మాటకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను జీవితమే సమాధానము.

1817లో కుంపిణీ కొలువునకై మద్రాసు చేరిన బ్రౌను 1820లో కడపకు వచ్చెను. కచేరీ పని చేయుచునే తెలుగు గ్రంథముల నుద్ధరింప నిశ్చయించెను. ఆ కోరికను ఆయన నిత్యకృత్యముగా మార్చుకొనెను. కడప బంగళాలో తన జీతముతో పండితులను పోషించెను. తాళపత్ర ప్రతులు తెప్పించెను. ఒకే కావ్యమునకు దొరికిన పలు ప్రతులను పోల్పించి శుద్ధప్రతి వ్రాయించెను. 1829లో వేమన పద్యములు అచ్చయ్యెను. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడుటకు మాత్రము 1852 రావలసివచ్చెను. నడుమ బదిలీలు, అప్పులు ఎన్నియో!

నిఘంటువు దూరమున నున్నను, చేతనున్న ప్రతి ఆనాటికి పూర్తియగుచుండెను. ఆయన విజయ రహస్యమిదియే.

కార్యాలయమున ప్రతి దస్త్రమునకు గడువుండును. ఆలస్యమైనచో రిమైండరు వచ్చును. స్వంత సంకల్పమునకు గడువును లేదు, అడుగువారును లేరు. అందుచే అది పదవీ విరమణ దినమున గాని బయటికి రాదు. అప్పటికి చూపును ఓపికయు తగ్గియుండును.

కావున సంకల్పము ఒక్కటే యుండవలెను. దానికి దినమున అరగంట కేటాయింపవలెను. నెలకొకసారి ఇంటివారికి లెక్క చెప్పవలెను. ఒకనాడు తప్పినచో విచారించుచు కూర్చుండక, మరునాడే తిరిగి మొదలిడవలెను. అదియే సాధన.