బరకం ఎందుకు పీలికలైంది?
(గుండుగొలనులో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను హైస్కూలుతో చదువు ఆపినవాణ్ని. పాలిమర్ల గురించి మాట్లాడతానంటే మనవాళ్లు కొందరు నవ్వారు. ఎందుకు మాట్లాడాల్సి వచ్చిందో ముందు చెబుతాను.

మొన్న సార్వా మాసూళ్లప్పుడు కళ్లంలో ధాన్యం రాశి మీద బరకం కప్పాను. అది కొని పట్టుమని రెండు పంటలు కాలేదు. రాత్రి గాలివానకు మడతల దగ్గర పీలికలైపోయింది. తెల్లారి చూస్తే రాశి అడుగంతా తడి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర ఏమవుతుందో మీకు తెలుసు. బస్తాకు ఇంతని కోత పెట్టించుకుని అమ్ముకున్నాను. కొట్టాయన్ని అడిగితే, "ప్లాస్టిక్ కదండీ, ఎండకు పోద్ది" అన్నాడు. అలాగైతే మా బోదెలో ఏళ్ల తరబడి పడి ఉన్న మేత సంచి ఎందుకు పోదు? ఉండాల్సింది పోతోంది, పోవాల్సింది ఉంటోంది. ఈ చిక్కు విప్పుకోవడానికే నాలుగు పుస్తకాలు తిరగేశాను.

పాలిమర్ అంటే గొలుసు. గేదెను కట్టే ఇనప గొలుసులో ఒక్కొక్క కొక్కెం ఉంటుంది కదా, అలాంటి చిన్న అణువు పేరు మోనోమర్. అవి వేలకు వేలు వరసగా కలిస్తే పాలిమర్. 1920లో జర్మనీ శాస్త్రవేత్త స్టాడింగర్ ఈ మాట చెబితే తోటివాళ్లు చాలామంది నమ్మలేదు. 1953లో ఆయనకే నోబెల్ బహుమతి ఇచ్చారు.

మనం తరతరాలుగా పండిస్తున్నవీ పాలిమర్లే. బియ్యంలో పిండి పదార్థం గ్లూకోజ్ గొలుసు. గడ్డిలో సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే, కొక్కేలు తగిలించిన తీరు వేరు. అందుకే అన్నం మనకు అరుగుతుంది, గడ్డి అరగదు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు ఆ కొక్కెం విప్పగలవు. గోనె సంచిలో జనపనార కూడా ఎక్కువ భాగం సెల్యులోజే. రొయ్య పెంకులో ఉండే కైటిన్ ఇంకో పాలిమర్. వీటిని తినే సూక్ష్మజీవులు మట్టిలో, చెరువులో ఉన్నాయి. కాబట్టి ఇవి కుళ్లి నేలలో కలుస్తాయి.

బరకానికి వాడే పాలిథిన్ అలా కాదు. అది 1933లో ఇంగ్లండులో అనుకోకుండా బయటపడింది. దాని గొలుసును అరిగించే జీవులు మన నేలలో దాదాపు లేవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మాత్రం ఆ గొలుసును తుంచుతాయి. పొడవాటి గొలుసు పొట్టిదైతే బరకం పెళుసెక్కి చిరుగుతుంది. దీన్ని ఆపడానికి మంచి కంపెనీలు యూవీ మందు కలుపుతాయి. డ్రిప్ పైపు నల్లగా ఉండేది కూడా ఇందుకే, అందులో కార్బన్ బ్లాక్ కలుపుతారు. చౌక సరుకులో ఈ కలిపేదాన్నే తగ్గిస్తారు. అయితే చిరిగిన ముక్క పోయినట్టు కాదు. అది నలుసులై చేలో, చెరువులో మిగిలే ఉంటుంది. బోదెలో బురద కింద ఉన్న సంచికి ఎండ తగలదు, అందుకే అది చిరగదు కూడా. నా చిక్కు అక్కడ విడింది.

ఇంకో రెండు మాటలు. వేడికి కరిగి మళ్లీ పోతపోయగలిగేది థర్మోప్లాస్టిక్: పైపులు, బరకాలు, సంచులు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగనిది థర్మోసెట్టింగ్: పాత స్విచ్చుల బేకలైట్ లాంటిది. చాలా వస్తువుల మీద ముక్కోణంలో అంకె ఉంటుంది. 2 అంటే హెచ్‌డీపీఈ, 3 అంటే పీవీసీ, 5 అంటే మేత సంచుల పాలీప్రొపిలీన్. రకాలు కలిపేస్తే తిరిగి పనికిరావు. విడిగా ఉంచితే పాత సామాను వాడు ధర కడతాడు. పీవీసీ ముక్కలను గట్టు మీద తగలబెట్టకండి. ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, డయాక్సిన్లు ఉంటాయి. పీల్చేది మన పిల్లలే.

ఇక చేయాల్సిన పని. బరకం కొంటే ఐఎస్ 7903, పీవీసీ పైపు కొంటే ఐఎస్ 4985 గుర్తు చూడండి. బిల్లు లేకుండా కొనకండి. నేను బిల్లు తీసుకోలేదు, అందుకే నోరు మూసుకోవాల్సి వచ్చింది. బిల్లు ఉంటే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

మేత సంచుల సంగతి మనమొక్కళ్లమే మోయాల్సింది కాదు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, తమ పేరు వేసి సరుకు అమ్మేవాళ్లకు ఆ ప్యాకింగును వెనక్కి సేకరించే బాధ్యత ఉంది. మన డ్రెయిన్ల నీళ్లు చేరేది కొల్లేరుకే. 2002 నుంచి అది రామ్‌సర్ చిత్తడి నేల. ఆ సరస్సులో ప్లాస్టిక్ చేరితే తప్పంతా రైతు మీదకే నెడతారు, సంచి మీద పేరున్నవాణ్ని ఎవరూ అడగరు. అడగాల్సింది మనం.

కాబట్టి రెండు తీర్మానాలు మీ ముందు పెడుతున్నాను. రాయితీ మీద ఇచ్చే ప్రతి బరకాల లాటునూ పరీక్ష చేయించి, ఫలితం రైతుకు చూపించాలి. ఊరికొక చోట ఖాళీ సంచులు, పాత పైపులు సేకరించే ఏర్పాటు కంపెనీల ఖర్చుతో జరగాలి. మీకు న్యాయమనిపిస్తే చేతులెత్తండి.