అడ్మిషన్ కన్నా ముందు ఇంట్లో మాట

(సూర్యాపేటలో తండాల, గూడేల యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



కోదాడ, మిర్యాలగూడ వైపు తండాల నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వచ్చిండ్రు. కొందరి ఒళ్లో పిల్లలున్నరు. చదువు ఆగిపోయి, పెళ్లయి, ఇప్పుడు మళ్లీ యూనివర్సిటీ దిక్కు చూస్తున్నోళ్లే ఇక్కడ ఎక్కువ. నేనూ మీలాంటిదాన్నే. ఇంటర్ అయిన ఏడే పెళ్లయింది. ఇద్దరు పిల్లలు బడికి పోవుడు మొదలైనంక డిగ్రీలో చేరిన. మొదటి ఏడాది ఫెయిలైన.

తెలివి లేక కాదు. పరీక్షలు, నాట్లు ఒక్కసారే వచ్చినయి. కూలి పోతే ఇల్లు గడవదు. పుస్తకం సంచిల పెట్టుకుని పొలానికి పోయిన, ఒక్క పేజీ తిప్పలేదు. అప్పుడు అర్థమైంది, అప్లికేషన్ నింపుడు ఒక్కటే తయారీ కాదు. ఇంట్లో ఎవరి పని ఎవరు చేస్తరో ముందే తేల్చుకునుడు అసలు తయారీ.

మరుసటేడు మా ఆయనతో, అత్తతో కూసోని మాట్లాడిన. రాత్రి వంట, పిల్లలను పండబెట్టుడు వాళ్లది. ఆ రెండు గంటలు నావి. పరీక్షలప్పుడు పోయే కూలి కోసం ఆర్నెల్ల ముందు నుంచే కొంత పక్కకు పెట్టినం. పాసైన.

పెద్ద ఉదాహరణలు కావాల్నా? సీతక్క అడవి నుంచి బయటికి వచ్చినంక లా చదివింది. ఎమ్మెల్యేగా ఉంటూనే 2022లో, యాభై దాటినంక, ఉస్మానియాలో పీహెచ్‌డీ అందుకున్నది. పరిశోధన గొత్తికోయల బతుకు మీద. అనంతపురం జిల్లాలో సాకే భారతి ఇంటర్ తర్వాత పెళ్లయి, బిడ్డను సాకుతూ, కూలికి పోతూ, 2023లో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ తీసుకున్నది. భర్త తోడు నిలబడ్డడు.

ఇగ దారి సంగతి. పది, ఇంటర్ ఆగిపోతే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నది. ఇంటర్ ఉంటే డిగ్రీకి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. 1982లో పుట్టింది, రోజూ కాలేజీకి పోలేనోళ్ల కోసమే. తెలుగులోనే చదవొచ్చు. డిగ్రీ అయితే సీపీగెట్ రాసి నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో పీజీ చెయ్యొచ్చు.

ఈ వారమే ఒక పని చెయ్యండి. పది మెమో, కుల ధ్రువపత్రం, ఆధార్ ముందట పెట్టుకోండి. మూడింట్లో పేరు ఒక్కతీరుగ ఉన్నదా చూడండి. పెళ్లయినంక చాలామందికి ఇంటిపేరు మారుతది, అక్కడే ఫారం ఆగుతది. ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ వస్తదా అన్నది చేరకముందే అడగండి. చేరినంక అడిగితే లాభం లేదు.

తమ్ముళ్లకు ఒక మాట. మీటింగుల్లో హక్కుల గురించి గట్టిగా మాట్లాడ్తరు. ఇంట్లో అక్క, భార్య పుస్తకం తీస్తే పొయ్యి కాడికి మీరు పోవాలె. అదీ ఉద్యమమే.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చినంక కూడా మన కాగితం మనకు ఇంకొకరు చదివి చెప్పాల్సి వస్తున్నది. మన గురించి పుస్తకాలు వేరేటోళ్లు రాస్తున్నరు. అది మారాలంటే పద్దెనిమిదేళ్ల పిల్లలు ఎదిగేదాకా ఆగొద్దు. ముప్పై అయిదేళ్ల తల్లీ బెంచీ మీద కూసోవాలె. ఈ రాత్రే ఇంట్లో మాట మొదలుపెట్టండి.