చెమట పట్టడం కాదు, ఆరడం ముఖ్యం: 44 డిగ్రీల రామగుండం వేరు, 36 డిగ్రీల వైజాగ్ వేరు

పోయిన వీడియో చూసి వైజాగ్ నుంచి ఒక తమ్ముడు ఒక ప్రశ్న పంపాడు. "అన్నా, టీవీలో రామగుండం 44 అని ఎర్ర రంగులో చూపించి భయపెడతారు. మాకు 36 అని మామూలుగా చెప్పేస్తారు. మరి మాకెందుకు ఊపిరాడనట్టు ఉంటుంది?" అని. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు వాతావరణ శాఖలో లేదు, నీళ్ళలో ఉంది. స్కూల్లో "నీటి ధర్మాలు" అని ఒక పాఠం చదివి, పరీక్ష రాసి మర్చిపోయాం కదా, ఆ పాఠంలోనే ఉంది.

ఆ పాఠంలో అందరికీ గుర్తుండేది ఒకటే: మంచు నీళ్ళ మీద తేలుతుంది, అందుకే చలి దేశాల్లో సరస్సు పైన గడ్డకట్టినా కింద చేపలు బతుకుతాయి. నిజమే, గొప్ప విషయమే. కానీ హుస్సేన్ సాగర్ ఎప్పుడు గడ్డకట్టాలి, మనం ఎప్పుడు చూడాలి? లంబసింగిలో కూడా అంత సీన్ లేదు. మన ప్రాణాల మీదకొచ్చే ధర్మం వేరే ఉంది. అది వేడికి సంబంధించింది.

ముందు ఒక చిన్న లెక్క. నేను ఇంజినీర్ని కాబట్టి లెక్క లేకుండా వదలను, కొంచెం ఓపిక పట్టండి. మీరు ఊరికే కూర్చుని రీల్స్ చూస్తున్నా మీ ఒంట్లో దాదాపు 100 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది. పాతకాలం 100 వాట్ల బల్బు ఉండేది కదా, అంత. గంటకి 360 కిలోజౌళ్ళు. ఈ వేడి బయటికి పోకపోతే ఏమవుతుంది? 60 కిలోల మనిషి ఒంటి వేడి గంటకి సుమారు 1.7 డిగ్రీలు పెరుగుతుంది. మామూలుగా మన లోపలి వేడి 37. 40 దాటితే వడదెబ్బ జోన్. అంటే ఏ పనీ చేయకుండా కూర్చున్నా, వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే రెండు గంటల్లో ప్రమాదం దగ్గరికి వెళ్ళిపోతాం.

ఇప్పుడు అదే 60 కిలోల మనిషి ఇనుముతో తయారయ్యాడనుకోండి. గంటకి 1.7 కాదు, 13 డిగ్రీలు పెరుగుతుంది! మనల్ని కాపాడుతున్నది ఒంట్లో సగానికి పైగా ఉన్న నీళ్ళు. ఒక కిలో నీళ్ళని ఒక్క డిగ్రీ వేడి చేయాలంటే 4.18 కిలోజౌళ్ళు కావాలి. ఇనుముకి అర కిలోజౌల్ కూడా అక్కర్లేదు. ఖాళీ పెనం స్టవ్ మీద పెడితే నిమిషంలో కాలిపోతుంది, గిన్నెడు నీళ్ళు పెడితే ఎంతసేపటికీ మరగవు. వంటింట్లో విసుగు తెప్పించే ఆ లక్షణమే ఒంట్లో బ్యాటరీలా పనిచేస్తుంది. వేడిని మింగుతుంది, టెంపరేచర్ మాత్రం నెమ్మదిగా పెంచుతుంది.

ఎందుకు ఇలా? నీటి అణువు హెచ్ టూ ఓ అని తెలుసు. ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్‌లు, కానీ నిటారుగా కాదు, వంగి ఉంటాయి. ఆక్సిజన్ కొంచెం స్వార్థపరుడు, ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కుంటుంది. దాంతో అటు కొంచెం మైనస్, హైడ్రోజన్‌ల వైపు కొంచెం ప్లస్. ఒక అణువు ప్లస్, పక్క అణువు మైనస్‌ని పట్టుకుంటుంది. జాతరలో పిల్లలు తప్పిపోకుండా ఒకరి చేయి ఒకరు పట్టుకుని నడుస్తారు చూశారా, అలా. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. వేడి ఇస్తే అందులో చాలా భాగం ఈ చేతుల్ని వదిలించడానికే ఖర్చయిపోతుంది. మిగిలిందే అణువుల వేగం పెంచుతుంది. ఆ వేగమే మనం కొలిచే టెంపరేచర్.

ఈ చేతుల బలం ఎంతో తెలియాలంటే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని చూడండి, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే గ్యాస్. నీళ్ళలాంటి నిర్మాణమే, ఆక్సిజన్ బదులు సల్ఫర్, అణువు నీటికంటే బరువు కూడా ఎక్కువ. అది మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. నీళ్ళు 100 దాకా పట్టుకుని కూర్చుంటాయి. ఆ చేతులు లేకపోతే భూమ్మీద చెరువు ఉండదు, సముద్రం ఉండదు, ఈ వీడియో ఉండదు.

సరే, బ్యాటరీ ఎంత పెద్దదైనా ఎప్పటికో అప్పటికి నిండుతుంది. వేడిని బయటికి పంపాలి. బయట గాలి 30 అయితే ఒంట్లో వేడి దానంతటదే గాలికి పోతుంది. బయట 44 అయితే? రివర్స్! గాలి నుంచే మనలోకి వస్తుంది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే. చెమట.

చెమట పట్టగానే చల్లబడతాం అని చాలామంది అనుకుంటారు. కాదు. చెమట ఆరితేనే చల్లబడతాం. ఆరడం అంటే ఏంటి? చేతులు పట్టుకున్న అణువుల్లో బాగా స్పీడుగా ఉన్నవి అన్ని చేతులూ విదిలించుకుని గాలిలోకి ఎగిరిపోవడం. స్పీడువి పోతే మిగిలినవి నెమ్మదైనవి, అంటే చల్లనివి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి తీసుకుపోతుంది. ఇంకోలా చెప్తా: ఒక్క గ్రాము చెమట తీసుకెళ్ళే వేడి, అర కిలోకి పైగా నీళ్ళని ఒక డిగ్రీ చల్లార్చినంత. ఊరికే కూర్చున్న మనిషి 100 వాట్లని పంపేయడానికి గంటకి 150 మిల్లీలీటర్లు ఆరితే చాలు. స్లాబ్ వేసే చోట కాంక్రీట్ మోసే మనిషి ఒంట్లో 400 వాట్లు పుడుతుందనుకోండి, గంటకి 600 మిల్లీలీటర్లు ఆరాలి. ఎండ నుంచి వచ్చేది అదనం.

ఇక్కడే వైజాగ్ తమ్ముడి ప్రశ్నకి వచ్చాం.

గాలిలో ఇప్పటికే నీటి ఆవిరి నిండి ఉంటే? ఒంటి మీద నుంచి ఎగిరిన అణువులకి దాదాపు సమానంగా గాలిలోంచి వెనక్కి వచ్చి పడతాయి. చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, చుక్కలు కింద పడతాయి. కింద పడిన చుక్క వేడిని తీసుకుపోదు, ఊరికే నీళ్ళు, ఉప్పు వేస్ట్. దీనికి మన తెలుగులో అద్భుతమైన మాట ఉంది, ఉక్కపోత. ఇంగ్లిష్‌లో ఒక్క ముక్కలో ఇంత కరెక్టుగా చెప్పే మాట నాకైతే కనిపించలేదు.

నేను బీటెక్ వైజాగ్‌లో చదివా. నా రూమ్మేట్ నిజామాబాద్ వాడు, ఇంటి నుంచి బస్సులో కూలర్ మోసుకొచ్చాడు, వాళ్ళింట్లో అది దేవుడితో సమానం. హాస్టల్లో ఆన్ చేశాక అరగంటలో రూమంతా ఆవిరి స్నానం. కూలర్‌లో తప్పు లేదు. నిజామాబాద్ పొడి గాలి నీళ్ళని తాగేస్తుంది కాబట్టి చల్లబడుతుంది. సముద్రం పక్క గాలికి దాహం లేదు. మట్టికుండ కూడా అంతే, తెలంగాణ పల్లెలో మే నెల కుండనీళ్ళు ఉన్నంత చల్లగా కాకినాడలో ఉండవు.

ఈ తేడాని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి తగలనివ్వాలి. గుడ్డ ఆరుతూ ఎంత దాకా చల్లబరిస్తే అది తడిబల్బు ఉష్ణోగ్రత. 44 డిగ్రీలు, తేమ 15 శాతం ఉంటే తడిబల్బు దాదాపు 23. 36 డిగ్రీలే, తేమ 65 శాతం ఉంటే దాదాపు 30! తడిబల్బు 35 అయితే ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా గంటల్లో చనిపోతాడని 2010లో ఇద్దరు శాస్త్రవేత్తలు, షెర్వుడ్, హ్యూబర్ లెక్కకట్టారు. తర్వాత అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు నిజం మనుషుల్ని గదిలో పెట్టి పరీక్షిస్తే, తేమ గాలిలో కుర్రాళ్ళకే 31 దగ్గర ఒళ్ళు చేతులెత్తేయడం మొదలుపెట్టింది. 30కీ 31కీ మధ్య దూరం చూసుకోండి. తమ్ముడూ, నీకు ఊపిరాడనట్టు ఉండటం నీ భ్రమ కాదు.

అలాగని రామగుండం సేఫ్ అని నేను చెప్పట్లేదు, అలా కట్ చేసి షార్ట్ పెట్టకండి ప్లీజ్. అక్కడ ఒళ్ళు ఫెయిలయ్యే దారి వేరు. చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది, ఒళ్ళు పొడిగానే ఉంటుంది, కాబట్టి లీటర్లు పోయినా తెలియదు. తాగకపోతే చెమటకి సరుకు అయిపోతుంది. కోస్తాలో చెమట ఆరక ప్రమాదం, పొడి జిల్లాల్లో చెమట అయిపోయి ప్రమాదం. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడగాలులకి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ముసలివాళ్ళు, ఉపాధి కూలీలు, ఎండలో పని మానలేనివాళ్ళు. ఇప్పుడైతే ఆ లిస్టులో మన బిర్యానీ తెచ్చే బైక్ కుర్రాళ్ళు కూడా ఉన్నారు. ఎండలో బైక్ మీద పెట్టిన ఫోన్ వేడెక్కితే తనంతట తనే స్లో అయిపోయి చార్జింగ్ ఆపేస్తుంది. ఆ కుర్రాడికి ఆ సెట్టింగ్ ఇవ్వలేదు ఎవరూ.

జంతువుల సంగతి చూడండి. గేదెకి ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు చాలా తక్కువ, పైగా నల్ల తోలు. అందుకే మధ్యాహ్నం చెరువులో మెడ దాకా కూర్చుంటుంది. దాన్ని బద్ధకం అని తిడతాం గానీ, గాలి కంటే నీళ్ళు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగుతాయని దానికి తెలుసు. కోడికి చెమట గ్రంథులే లేవు, నోరు తెరిచి ఎగరొప్పుతుంది. ఆ ఊపిరితో పోయే ఆవిరే దాని ఏసీ. గాలిలో తేమ పెరిగిన రోజు కోళ్ళ ఫారం రైతు నిద్రపోడు.

ఇంకో ముక్క చెప్పాలి, ఇది అందరికీ పనికొస్తుంది. ఆ ప్లస్, మైనస్ కొసల వల్లే నీళ్ళు ఉప్పుని కూడా కరిగించుకుంటాయి. కాబట్టి చెమటతో పాటు ఉప్పు పోతుంది. గంటలకొద్దీ చెమటోడ్చి, ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్ వస్తాయి. ఉప్పేసిన మజ్జిగ, గంజి, అంబలి తాగిన మన పెద్దవాళ్ళకి సోడియం పేరు తెలియదు, పని తెలుసు. పేగులో ఒక తలుపు ఉంటుంది, సోడియం, గ్లూకోజ్ జంటగా వస్తేనే లోపలికి పంపిస్తుంది, వాటి వెనకాలే నీళ్ళు వెళ్తాయి. ఓఆర్ఎస్ అంటే ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ, బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వస్తే, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళు కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఆయనకి చనిపోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ప్యాకెట్ కొనేటప్పుడు మాత్రం చదివి కొనండి. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టి పంచదార నీళ్ళు అమ్మేవాళ్ళ మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆర్డర్ వేసింది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ స్పూన్, తలగొట్టి. ఉప్పు అంతకంటే ఎక్కువ వేయొద్దు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి తాగండి.

ఎవరైనా ఎండలో తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే, లేదా పడిపోతే, ముందు 108కి ఫోన్ కొట్టండి. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసరండి. తడపడం, విసరడం రెండూ కలిసే జరగాలి, ఇప్పటిదాకా చెప్పిన ఆరడం అంతా దానికోసమే. ఉక్కగా ఉన్న ఊళ్ళో విసిరినా ఆరదు కాబట్టి ఐస్ దొరికితే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గది 40 దాటి ఉంటే పొడి ఒంటి మీదకి ఫ్యాన్ వేయడం హెయిర్ డ్రయ్యర్ పెట్టినట్టే, ముందు తడి గుడ్డ కప్పండి.

ఈ వారం మీ ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచినప్పుడు డిగ్రీల కింద చిన్న అక్షరాల్లో తేమ శాతం ఉంటుంది, అది కూడా చూడండి. మీ ఊరి పేరు, ఆ రెండు అంకెలూ నాకు పంపండి. నేను తడిబల్బు లెక్కకట్టి వచ్చే వీడియోలో జిల్లాల మ్యాప్ మీద పెడతా. ఆదిలాబాద్, శ్రీకాకుళం వాళ్ళు ముఖ్యంగా పంపండి, పోయినసారి మీ దగ్గర్నుంచి అసలు రాలేదు. ఉంటా మరి, బై.