పుస్తకంలోకి నడిచి వెళ్ళే ఆట
(సాహిత్య వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



"సాహిత్య వేదిక మీద వీడియో గేముల గోలేమిటండీ?" అని నిర్వాహకుల్లో ఒకరు నన్ను ముందే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను కథకుణ్ణి కాను, కవిని అసలే కాను. పొద్దున లేచింది మొదలు ప్రోగ్రాములు రాసుకుని బతికే ఇంజనీరుని. కాని నేను చెప్పబోయే ఆట ఒక నవలలోంచి పుట్టింది. ఆ నవల చదివి, అందులోకి నడిచి వెళ్ళాలని కోరుకున్న లక్షల మంది పాఠకుల కోసం పుట్టింది. అందుకని ఈ వేదిక మీద ఒక పావుగంట నన్ను భరించమని మనవి.

ఆ నవల జె. ఆర్. ఆర్. టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు భాష చెప్పిన ఆచార్యుడు. 1937లో పిల్లల కోసం 'ద హాబిట్' రాశారు. దాని కొనసాగింపుగా మొదలైన పెద్ద నవల 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చింది. 1954 అనగానే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' సీరియల్ మొదలైంది కూడా ఆ ఏడాదే. అక్కడ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ఆచార్యుడు, ఇక్కడ మద్రాసులో ఒక సంపాదక వర్గ సభ్యుడు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే అడవులూ, కొండలూ, మాంత్రికులూ నిండిన లోకాలు కట్టుకుంటూ కూర్చున్నారన్నమాట! ఈ పోలికతో నాకు తర్వాత పని ఉంది.

ఇక ఆట సంగతి. దాని పేరు 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్'. ఆడేవాళ్ళు ముద్దుగా 'లోట్రో' అంటారు. మసాచుసెట్స్‌కి చెందిన టర్బైన్ సంస్థ 2007 ఏప్రిల్ 24న విడుదల చేసింది. 2016 చివర్లో దాని బాధ్యత స్టాండింగ్ స్టోన్ గేమ్స్ అనే చిన్న సంస్థకు మారింది. ఇన్నేళ్ళయినా ఇంకా నడుస్తోంది. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇది ముసలితనమే!

చాలామంది ఒకేసారి ఆడే ఆటలు కొత్తవేమీ కావు. 1978లోనే ఇంగ్లండులో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు అలాంటిది తయారుచేశారు. అందులో బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. ఇప్పటి ఆటల్లో బొమ్మలొచ్చాయి గాని లోపలి పద్ధతి మారలేదు. మీ ఇంట్లో తెర మీద కనిపించేది నీడ మాత్రమే. అసలు లోకం ఎక్కడో ఉన్న సర్వర్‌లో ఉంటుంది. నేను కత్తి ఎత్తితే, నా కంప్యూటర్ ఆ సంగతి సర్వర్‌కి విన్నవించుకుంటుంది. దెబ్బ తగిలిందా లేదా అన్న తీర్పు సర్వర్‌దే. ఆ తీర్పు ఇంటి కంప్యూటర్లకి వదిలేస్తే ప్రతివాడూ భీముడైపోతాడు!

ఇక్కడ తల్లిదండ్రులకు పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. లోకం సర్వర్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని మన ఇంట్లో ఆపడం కుదరదు. ఇలాంటి ఆటకి పాజ్ బటన్ ఉండదు. లోట్రోలో ఒక జట్టుకి ఆరుగురు. మీ అబ్బాయి ఒక రాక్షసుడి గుహలో ఉన్నప్పుడు మిగతా ఐదుగురు వాడి మీద ఆధారపడి ఉంటారు. "అన్నం చల్లారిపోతోందిరా" అని మీరు కేక వేస్తే, "ఒక్క ఐదు నిమిషాలమ్మా" అని వాడు చెప్పేది ఎగవేత కాకపోవచ్చు, జట్టుకిచ్చిన మాట కావచ్చు. మా ఇంట్లో దీనికి మా ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టింది. ఆట మొదలుపెట్టే ముందే "ఇది ఎంతసేపు పడుతుంది?" అని అడుగుతుంది. భోజనానికి అరగంటే ఉంటే గంట పట్టే గుహలోకి దిగడానికి వీల్లేదు. గుహలోకి దిగాక మధ్యలో పిలవడమూ లేదు. యుద్ధాలు సగానికి సగం తగ్గాయి. ఆటలో కాదు, ఇంట్లో!

సరే, పుస్తకానికీ ఆటకీ ఉన్న సంబంధం చూద్దాం. ఆట చేసేవాళ్ళకి పెద్ద చిక్కు ఒకటి వచ్చింది. ఆడే ప్రతివాడూ కథానాయకుడు కావాలనుకుంటాడు. కాని పుస్తకంలో ఉంగరం మోసేవాడు ఒక్కడే, ఫ్రోడో. అందరికీ తలో ఉంగరం ఇవ్వలేరు కదా! అందుకని ఎవరికీ ఇవ్వలేదు. మీరు ఒక మనిషిగానో, ఎల్ఫ్‌గానో, మరుగుజ్జుగానో, హాబిట్‌గానో ఆ లోకంలో పుడతారు. బ్రీ ఊరి సత్రంలో అరగార్న్ మీకు కనిపించి ఒక పని చెబుతాడు. రివెండెల్‌లో ఫ్రోడో బృందాన్ని చూస్తారు. వాళ్ళు తమ దారిన తాము వెళ్ళిపోతారు. మీరు వాళ్ళ వెనక, పక్క దారుల్లో, పుస్తకం ఒక వాక్యంతో దాటేసిన ఊళ్ళలో తిరుగుతూ మీ చేతనైన సాయం చేస్తారు. హాబిట్ల ఊళ్ళలో మీరు చేసే మొదటి వీరోచిత కార్యాల్లో ఒకటి, అడిగినవాళ్ళ కంట పడకుండా ఉత్తరాల సంచీ చేరవెయ్యడం!

పుస్తకంలో ఫ్రోడో సెప్టెంబరు 23న ఇల్లు వదిలితే, మార్చి 25కల్లా ఉంగరం నాశనమైపోతుంది. ఆరు నెలలు. ఆటలో మాత్రం 2007లో మొదలై, ఒక్కొక్క ప్రాంతమే చేరుస్తూ, మోరియా గనులు 2008లో, రోహన్ మైదానాలు 2012లో దాటి, ఉంగరం నాశనమయ్యేసరికి 2017 వచ్చింది. పదేళ్ళు! అప్పటికి నాకు పెళ్ళయింది, ఇల్లు కొన్నాం, పాప పుట్టి బడికి వెళుతోంది.

రెండో చిక్కు మంత్రాలది. ఇలాంటి ఆటల్లో దెబ్బ తగిలితే ఎవడో మంత్రం వేసి బతికిస్తాడు. టోల్కీన్ లోకంలో ఆ పప్పులు ఉడకవు. అక్కడి మాంత్రికులు మొత్తం ఐదుగురే. అందుకని ఈ ఆటలో ప్రాణం అనే లెక్కే పెట్టలేదు, దాని బదులు మనోధైర్యం అనే లెక్క పెట్టారు. శత్రువు కొడితే మీ ధైర్యం తగ్గుతుంది. అది సున్నాకి వస్తే మీరు చచ్చిపోయినట్టు కాదు, ఓడి వెనక్కి తగ్గినట్టు. ఆ ధైర్యాన్ని మళ్ళీ నింపేది వైద్యుడు కాదు, పాట పాడే గాయకుడు! యుద్ధం మధ్యలో వీణ లాంటి వాద్యం పట్టుకుని పాడుతూ అందరినీ నిలబెడతాడు. నిరాశే అసలు శత్రువు అన్నది ఆ నవల గుండెకాయ. ఆ సంగతి పట్టుకుని ఆట లెక్కల్లోకి దించిన ఇంజనీరెవరో గాని, ఆయనకి నేను దణ్ణం పెడతాను. 2008లో మెరుపులు కురిపించే రూన్‌కీపర్ అనే పాత్రను చేర్చినప్పుడు "ఇది మా టోల్కీన్ కాదు" అని పాఠకులు గొణిగారు. గొణగాలి కూడా. పురాణాల మీద సినిమా తీస్తే మనం ఊరుకుంటామా?

ఆ గాయకుడి పాత్ర మా అమ్మాయిది. తనకి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ వయసు పిల్లలున్న వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. కార్లో గంట సేపు పక్కన కూర్చున్నా "ఊఁ", "ఉహుఁ" తప్ప మాట రాదు. "బడి ఎలా ఉంది?" అంటే "బానే ఉంది". అంతే. కాని శనివారం సాయంత్రం ఇద్దరం చెరో గదిలో కూర్చుని, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని మోరియా చీకట్లో నడుస్తున్నప్పుడు అదే పిల్ల ఆగకుండా మాట్లాడుతుంది. స్నేహితురాలితో మాటలు లేకపోవడం, లెక్కల టీచరంటే భయం, అన్నీ అక్కడే తెలిశాయి. ముఖాలు చూసుకోకుండా, కళ్ళు వేరే పని మీద పెట్టి, పక్కపక్కన నడుస్తూ చెప్పుకునే మాటలు అవి. మన అమ్మమ్మలు చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పుకున్న కబుర్లూ అలాంటివే కదా!

ఈ ఆటలో నిజంగా సంగీతం వాయించవచ్చు. వీణ లాంటిది, పిల్లనగ్రోవి, డోలు, ఇంకా చాలా ఉన్నాయి. ఏబీసీ అనే పద్ధతిలో స్వరాలు అక్షరాలుగా రాసి ఫైలు పెడితే మన బొమ్మ వాయిస్తుంది. 2009 నుంచి వెదర్‌టాప్ కొండ మీద అభిమానులు ఏటా వెదర్‌స్టాక్ అనే సంగీతోత్సవం కూడా జరుపుకున్నారు. మా అమ్మాయి ఒకరోజు తను ఆదివారం క్లాసులో నేర్చుకుంటున్న మాయామాళవగౌళ సరళీ స్వరాలు అలా రాసింది. రిషభానికీ ధైవతానికీ ముందు చిన్న గీత పెడితే సరిపోయింది. గమకం మాత్రం రాలేదు, అది అక్షరాలకి లొంగేది కాదు. బ్రీ ఊరి వీధిలో నిలబడి వాయిస్తుంటే దారినపోయే హాబిట్ ఒకాయన ఆగాడు. "ఇది ఎల్ఫుల పాటా?" అని అడిగాడు. "కాదు, మా పాట" అని మా అమ్మాయి జవాబు టైపు చేసింది. క్లాసుకి రానని ఆదివారం ఆదివారం పేచీ పెట్టే పిల్ల!

అలాగని అంతా పాలూ తేనే అని చెప్పను. 2010 నుంచి ఈ ఆటలోకి ఉచితంగా రానిస్తున్నారు గాని, లోపల దుకాణం ఉంది. క్రెడిట్ కార్డు మన జేబులోనే ఉండాలి. అవతల ఉన్నది ఎవరో తెలియదు కాబట్టి ఊరు, బడి, ఫోన్ నంబరు చెప్పకూడదు. అన్నిటికన్నా మంచి కాపలా, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం.

ఇంకొక సంగతి. సర్వర్లు శాశ్వతం కావు. 2015లో చాలా సర్వర్లు మూసేసి పది మాత్రం ఉంచారు. 2025లో కొత్త 64 బిట్ సర్వర్లు పెట్టి, పాతవాళ్ళందరినీ అక్కడికి మారమన్నారు. అలా మారేటప్పుడు కొత్తచోట మీ పేరు అప్పటికే ఎవరిదైనా అయితే మీరు పేరు మార్చుకోవాలి. కట్టుకున్న ఇల్లు వెంట రాదు, సామాన్లు మాత్రం మూటగట్టి ఇస్తారు. ఇది మనకు ఎక్కడో తెలిసిన కథలాగే అనిపించడం లేదూ? అక్కడ మా బృందంలో ఒక పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు, "ఇల్లు పోతే మళ్ళీ కట్టుకుంటాం, మనం ఒకే సర్వర్‌కి వెళదాం, అది చూడండి" అన్నాడు. సభలు పెట్టుకుని రెండేళ్ళకోసారి మనం చేస్తున్నదీ ఆ పనే.

ఇప్పుడు ఆ పాత పోలిక దగ్గరికి వస్తాను. టోల్కీన్ ముందు కథ రాసి తర్వాత భాష చెయ్యలేదు. ముందు భాషలు కల్పించుకున్నారు. ఫిన్నిష్ వాసనతో ఒకటి, వెల్ష్ వాసనతో ఒకటి. ఆ భాషలు మాట్లాడడానికి మనుషులు కావాలి కాబట్టి వాళ్ళకో లోకం, ఆ లోకానికో చరిత్ర పుట్టాయి. మా అమ్మాయి ఎల్ఫుల భాషలో పలకరింపులు నేర్చుకుంది. ఒకరోజు అడిగింది: "నాన్నా, నీ చిన్నప్పుడు నీకు ఇలాంటి కథలు ఉన్నాయా?"

మా అమ్మమ్మగారింట్లో బైండు చేసిన పాత చందమామలు ఉండేవి. వేసవి సెలవులన్నీ వాటిలోనే గడిచేవి. చిత్రా గారి బొమ్మలు, కపాలాలు పట్టుకున్న మాంత్రికులు, రాకాసి లోయలు, శిథిలాలయాలు. ఉన్నాయని చెప్పాను. "అయితే ఇవ్వు, చదువుతాను" అంది. ఇవ్వడానికి నా దగ్గర ఉన్నాయి. చదవడానికి తనకి తెలుగు అక్షరాలు రావు. కల్పించిన భాషలో పలకరించగల పిల్లకి, వాళ్ళ నాన్న భాషలోని కథ మూసిన తలుపే అయింది.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఒక ఒప్పందం నడుస్తోంది. శనివారం తన లోకంలో నేను నడుస్తాను. ఆదివారం నా లోకంలో తను. 'తోకచుక్క' వారానికొక భాగం తెలుగులో గట్టిగా చదువుతాను. అర్థం కానిచోట ఆపి అడుగుతుంది. ఆ దేశాల మ్యాపు తనే గీస్తోంది, టోల్కీన్ పుస్తకంలో ఉన్నట్టు. పోయిన నెల నుంచి ఆ మ్యాపు మీద ఊళ్ళ పేర్లు తెలుగులో రాస్తానని పట్టుబట్టి అక్షరాలు మొదలుపెట్టింది. 'క్ష' దగ్గర ఇంకా కుస్తీ పడుతోంది.

చందమామ ఇప్పుడు రావడం లేదు. ఆ సీరియళ్ళలోకి నడిచి వెళ్ళే ఆట ఎవరూ చెయ్యలేదు. ఈ హాలులో కూర్చున్న వాళ్ళలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళమే! మనలో ఎవరైనా ఆ పని తలపెడితే, ధైర్యే సాహసే లక్ష్మీ అన్నారు, నేను రాత్రిళ్ళు కూర్చుని ప్రోగ్రాము రాసిపెడతాను. అంతవరకూ ఆగక్కర్లేదు. ఇంటికి వెళ్ళాక మీ పిల్లలు ఏ లోకంలో తిరుగుతున్నారో అడిగి, ఒక పూట వాళ్ళ వెంట వెళ్ళి చూడండి. వాళ్ళు మీ లోకం గురించి అడిగిన రోజున చేతిలో ఒక పుస్తకం సిద్ధంగా ఉంచుకోండి.

 ఇక భోజనాలకి లేద్దాం. సెలవు.