ట్రాక్టరు మొరాయిస్తే...



తొలకరి వాన పడిందనుకోండి. పదును ఆరేలోగా దుక్కి ముగించాలి. సరిగ్గా ఆ ఉదయమే ట్రాక్టరు స్టార్టు కాలేదంటే మన తొందర చెప్పనలవి కాదు. తాళంచెవి తిప్పిందే తిప్పుతాం. బ్యాటరీలో ఉన్న కాస్త బలమూ హరించుకుపోతుంది. చతికిలబడిన ఎద్దును ముల్లుకర్రతో పొడిస్తే లేస్తుందా? మేత తినలేదా, కాలు బెణికిందా అని ముందు చూస్తాం గదా! యంత్రానికీ అదే పద్ధతి. అది తన జబ్బును చప్పుడుతోనూ, పొగతోనూ చెబుతుంది.

గేరు న్యూట్రలులో పెట్టి, క్లచ్చి తొక్కి, సీటు మీద కూర్చుని తాళంచెవి తిప్పండి. చెవి యొగ్గి వినండి.

ఇంజను తిరగకపోయినా, ఈడ్చుకుంటూ తిరిగినా లోపం సాధారణంగా కరెంటు వైపు ఉంటుంది. లైట్లు వేసి మళ్ళీ తిప్పండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ బలం చాలలేదు, లేదా తీగలు వదులైనవి. లైట్లు తగ్గకుండా చప్పుడే లేకపోతే స్విచ్చి, ఫ్యూజు, క్లచ్చి దగ్గరి రక్షణ స్విచ్చి చూడాలి. లైట్లు బాగానే ఉండి, టక్కుమని ఊరుకుంటే సెల్ఫు మోటారును మెకానిక్కుకు చూపించండి.

బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా పేరుకుంటుంది. ఎర్తు తీగ ముందు విప్పండి. బ్యాటరీ మూతలు గట్టిగా బిగించి, వేడినీళ్ళలో తినేసోడా కలిపి కొనలు కడగండి. బిగించేటప్పుడు ఎర్తు తీగ చివర. అది చట్రానికి తగిలే చోట తుప్పుంటే గీకివేయండి. నీళ్ళు పోసే రకమైతే హైడ్రోమీటరు 1.260 దాపున చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు, 1.200కు దిగితే ఛార్జి చేయించాలి. బావి నీళ్ళు పోయరాదు, డిస్టిల్డు వాటరే పోయాలి. బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది గనుక బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయకండి. ఇంతవరకు చెప్పినది జీపుకూ, కారుకూ కూడా వర్తిస్తుంది.

ఇంజను చురుకుగా తిరిగి కూడా అందుకోలేదా? పొగగొట్టం చూడండి.

పొగే లేకపోతే డీజిలు లోపలికి అందడం లేదు. ఇంజను ఆపే పిడి లాగినది లాగినట్లే ఉందేమో ముందు చూడండి. తరువాత ట్యాంకు, కుళాయి, ఫిల్టరు వరుసగా చూడండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా గొట్టాలలో గాలి చేరుతుంది. ఫిల్టరు మీది గాలి వదిలే మరను వదులుచేసి చేతిపంపు కొట్టండి. బుడగలు పోయి డీజిలు సాఫీగా కారగానే బిగించండి. ఆ వెనుక డీజిలు పంపు మీది మరకూ అట్లే చేయండి. ఇంజెక్టరు గొట్టాల జోలికి పోవద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. కంప్యూటరు అదుపులో నడిచే కొత్త రకాలైతే ఈ పనంతా మెకానిక్కుకే వదలండి.

తెల్లపొగ వస్తే డీజిలు అందుతున్నది గాని సరిగా మండడం లేదు. చలి కావచ్చు, డీజిలులో నీరు కావచ్చు. ఫిల్టరు అడుగున చేరిన నీరు వదలండి. రోజూ ఇదే వరసైతే ఇంజను అరిగిందేమో చూపించాలి. నల్లపొగ వస్తే గాలి చాలలేదన్నమాట. ఎయిరు క్లీనరు దుమ్ముతో నిండిందేమో చూడండి.

ఒక్కసారికి 10 సెకండ్లకు మించి సెల్ఫు కొట్టకండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కొందరు కింద నిలబడి, సెల్ఫు మోటారు కొనలకు స్క్రూడ్రైవరు ఆనించి స్టార్టు చేస్తారు. అప్పుడు రక్షణ స్విచ్చి పనిచేయదు. బండి గేరులో ఉంటే స్టార్టయిన మరుక్షణమే ముందుకు దూకుతుంది. పక్కన నిలబడినవారి మీదకు పెద్దచక్రం ఎక్కుతుంది. ఒకరోజు దుక్కి ఆగితే మరునాడు దున్నుకోవచ్చు, ప్రాణం పోతే తిరిగి రాదు. మీ పాలేరుకూ, మీ అబ్బాయికీ ఈ సంగతి తప్పక చెప్పండి.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ఊరికొక యువకుడు అక్కడ పని నేర్చుకుని వస్తే, తొలకరిలో ఊరంతటికీ అక్కరకు వస్తాడు.